‘పోయొస్తా’కు ఇంగ్లీషు

సాయంత్రం నాలుగూ ఇరవైకి కర్నూలు నుంచి కడప బస్సులో వస్తూ, అప్పుడే నన్ను ఇంటర్వ్యూ చేసిన మేనేజరుకు సెల్‌ఫోన్లో థాంక్స్ మెసేజ్ కొట్టాను. డిగ్రీ అయ్యాక అన్ని ఉద్యోగాలూ తప్పిపోయాయి, ఇదైనా రావాలి. పంపేముందు పక్కనే ఉన్న అక్కకు చదివి వినిపించాను.

“ఏమ్రా, ఉత్త థాంక్స్ అంటే ఇంగ ఆడికి రానని చెప్పినట్టుండాది. పోయొస్తానని రాయి!”

“ఇంగ్లీషులో అట్ల అనరక్కా.”

“నీకు ఉద్యోగం కావల్నా, ఇంగ్లీషు కావల్నా?”

చివర్లో ‘ఐ విల్ గో అండ్ కమ్ సార్’ అని చేర్చి పంపాను. నంద్యాల దాటకముందే మేనేజరు జవాబిచ్చాడు: ‘అట్లయితే సోమవారం రండి.’

“సూడు, రమ్మంటాండాడు!” అని అక్క బస్సంతా వినేలా అరిచింది.

అక్క పోయి మూడేళ్లయింది; అప్పట్నుంచి నా ఇంగ్లీషును ఎవరూ దిద్దడం లేదు.