గుప్పెడు విత్తనాలు

కాలువ నీళ్ల కోసం నేను మెట్లెక్కని ఆఫీసు లేదు, ఇంతవరకు నాకు జవాబిచ్చినవాడూ లేడు.

డెబ్బైల్లో, నీళ్లందక మా నారుమళ్లు ఎండిపోయిన ఏడు, నర్సీపట్నం బస్టాండులో నా పక్కన ఒక ముసలి రైతు ధాన్యం మూటలోంచి వేపాకులు ఏరుతున్నాడు. వేపాకు కలిపి దాచేది విత్తనాలనే.

“ఇత్తనాలు మిల్లుకి అట్టుకెళ్తన్నావేటి తాతా?”

“మరేటి తినమంటావు బాబూ, ఈ యాపాకా?” అని నవ్వాడు.

బస్సు రాగానే గుప్పెడు తీసి నా తువ్వాలులో పోశాడు. “మా అయ్య నాటి ఇత్తనం. నాతో ఆగిపోకూడదు. నీ మడిలో జల్లు.”

మరుసటి ఏడు చల్లాను. చక్కగా మొలిచాయి. మళ్లీ నీళ్లు రాలేదు, మాడిపోయాయి.

ఇప్పటికీ బస్టాండులో మూటతో ముసలివాళ్లు కనిపిస్తే ముఖం తిప్పుకుంటాను. అయ్యా ఆఫీసర్లూ, కాలువ నీళ్లెందుకు ఆపారు? నాకు చెప్పకపోయినా, ఆ తాతకు జవాబు చెప్పండి.