ఎర్రిస్వామి కాపాడిన జాబులు

ఎమ్మిగనూరు బస్టాండు వెనక వీధిలో ఎర్రిస్వామి జిరాక్స్ అంగడి ఉంది. నందవరం వైపు పల్లెల నుంచి వచ్చే రైతులు ఆధార్ కార్డుకీ, పాసుపుస్తకానికీ నకళ్లు తీయించుకునేది అక్కడే. మనిషికి యాభై ఏడేళ్లు. సన్నగా, భుజాలు ముందుకు వంగి ఉంటాడు. ఆ వంపు మగ్గం గుంతలో కూర్చున్న పద్దెనిమిదేళ్లది. నేత ఇంక కూడు పెట్టదని తేలాక మగ్గం విప్పేసి ఈ అంగడి పెట్టుకున్నాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. కానీ ఎవరైనా పాత కాగితం తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. ఎందుకో చెప్పాలంటే హనుమంతరాయుడు అయ్యోరి దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

అయ్యోరిది చిప్పగిరి. ఎమ్మిగనూరు హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేరి ఈ ఊళ్లోనే ఉండిపోయాడు. బడి వదిలాక ఆయన నేతగాళ్ల వీధికి వచ్చేవాడు. గుంత అంచున చాప వేయించుకుని కూర్చుని, మగ్గం కాడ పుట్టిన మాటలూ పాటలూ రాసుకునేవాడు. రాసేది కాపీయింగ్ పెన్సిల్‌తో. నాలుకకు తగిలించి రాస్తే అక్షరం ఊదారంగులో తేలేది. సాయంత్రానికి అయ్యోరి పెదవి కూడా ఊదాగా ఉండేదని ఎర్రిస్వామి చెప్పేటప్పుడు నవ్వుతాడు. ఆ ఒక్క మాట దగ్గరే నవ్వుతాడు.

అయ్యోరు ఎక్కువగా కూర్చున్నది ఎర్రిస్వామి వాళ్ల ఇంట్లోనే. ఎర్రిస్వామి తల్లి అంబమ్మ నూలు కండెలు చుట్టుకుంటూ పాడేది. అక్షరం ముక్క రాదు. గొంతు కూడా గొప్పదేమీ కాదు, కాస్త జీర. కానీ ఆమె అత్త దగ్గర, అత్తకు అత్త దగ్గర నేర్చిన పాటలు ఆ వీధిలో మరెవరికీ రావు.

"ఇంకోసారి పాడు అంబమ్మా, ఆ రెండో వరస తప్పిపోయింది."

"ఈ పిచ్చి మాటలు రాసుకొని ఏం చేసుకుంటావు అయ్యోరా? మా అత్త వింటే నవ్వుతాది," అనేది ఆమె. అని మళ్లీ పాడేది.

అయ్యోరు ఆ మాటల గురించి ఊరూరి పండితులకు రాసేవాడు. బళ్లారి నుంచి, తిరుపతి నుంచి, గోదావరి జిల్లాల నుంచి జవాబులు వచ్చేవి. కార్డు ముక్కలు, నీలం ఇన్లాండ్ కవర్లు. ఒకనాడు తొమ్మిదో తరగతిలో ఒక కార్డు చేత్తో ఎత్తి పట్టుకుని, "ఒరే ఎర్రిస్వామీ, మీ అమ్మ చెప్పిన మాటకు అర్థమేందని ఒక పెద్దాయన అడుగుతాండాడు. పోయి అడిగిరా," అన్నాడు. పిల్లలంతా తిరిగి చూశారు. ఎర్రిస్వామి పది తప్పాడు, మగ్గం గుంతలో దిగాడు, పెళ్లి చేసుకున్నాడు. ఆ రోజు అందరూ తన వైపు తిరిగి చూడటం మాత్రం మరిచిపోలేదు.

1998లో అంబమ్మ పోయింది. 2011లో అయ్యోరు పోయాడు. ఆయనకు ఒక్కతే కూతురు, శాంతకుమారి. ఆదోనిలో ధాన్యం వ్యాపారుల ఇంటి కోడలు. బాడుగ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చూస్తే కాగితాల పెట్టెకు అడుగున చెదలు పట్టి ఉన్నాయి. మిగిలినవి సంచుల్లో వేసి ఆదోనికి తీసుకుపోయింది. మరుసటేడు వానాకాలంలో ఒకరోజు ఆ సంచులతో ఎర్రిస్వామి అంగడి ముందు ఆటో దిగింది.

"స్వామీ, మా ఇంట్లో కూడా చెదలు వదలడం లేదు. నాయన ప్రాణమంతా దీంట్లోనే ఉండేది. ఏమన్నా చెయ్యి. నువ్వు ఆధార్ కార్డులకు ప్లాస్టిక్ వేస్తావు చూడు, అట్ల వేస్తే పోవు కదా?"

ఎర్రిస్వామి అప్పుడే కొత్తగా లామినేషన్ మిషను తెచ్చుకున్నాడు. నీళ్లు పడ్డా తడవదు, చెద ముట్టదు. అంతకంటే ఏం కావాలి?

"ఈడ పెట్టిపో అక్కా. ఒక్కటి కూడా పోనీను," అన్నాడు.

మూడు నెలలు పట్టింది. రోజూ పొద్దున అంగడి తెరవడానికి ముందు రెండు గంటలు అదే పని. చెదమట్టిని మెత్తటి బ్రష్షుతో దులిపేవాడు. తినేసిన అంచులు ప్లాస్టిక్‌లో సరిగా కూర్చునేవి కావు. వాటిని కత్తెరతో సమంగా కత్తిరించి, పౌచ్‌లో పెట్టి, మిషన్‌లోకి వదిలేవాడు. అవతల నుంచి కాగితం వెచ్చగా, మెరుస్తూ వచ్చేది. బయట వాన. కాగితాలు కాస్త మెత్తగా ఉన్నాయనిపించేది. మిషను వేడికి ఆరిపోతాయిలే అనుకున్నాడు. ఆరువందల పన్నెండు జాబులు. చివరికి అమ్మ పాటలు, పద్నాలుగు పేజీలు. వాటికి మామూలుది కాదని మందం ప్లాస్టిక్ వేశాడు. కూలి తీసుకోలేదు.

శాంతకుమారి వాటిని చూసి కళ్లు తుడుచుకుంది. అయ్యోరి వర్ధంతికి బళ్లో చిన్న సభ పెట్టి, ఎర్రిస్వామికి శాలువా కప్పించింది. "మా నాయన జాబులను బతికించిన మనిషి," అని మైకులో చెప్పింది. ఎర్రిస్వామి భార్య ఈరమ్మ ఆ శాలువాను పెట్టెలో మడిచి పెట్టింది.

జాబులన్నీ ఆదోనిలో శాంతకుమారి మేడ మీద గదిలో ఇనుప బీరువాలోకి చేరాయి. తాళం పడింది. ఎవరికీ వాటితో పని లేకపోయింది. పదేళ్లు గడిచాయి.

2023 ఎండాకాలంలో సంధ్య అనే అమ్మాయి వచ్చింది. పాతతరం పండితుల ఉత్తరాలు, రాతప్రతులు సేకరించి భద్రపరిచే ఒక సంస్థలో పని. ఎక్కడో ఒక పండితుడి ఇంట్లో కాగితాలు సర్దుతుంటే, హనుమంతరాయుడు రాసిన జాబు ఒకటి ఆమెకు దొరికింది. "అంబమ్మ పాటలు పద్నాలుగూ నా వద్ద పూర్తిగా ఉన్నవి. మరెక్కడా లేవు. అచ్చు వేయించే దారి దొరికేదాకా భద్రంగా ఉంచుతాను," అని ఉంది దాంట్లో. ఆ ఒక్క వాక్యం పట్టుకుని వెతుక్కుంటూ ఆదోని దాకా వచ్చింది.

శాంతకుమారి ఎర్రిస్వామికి ఫోన్ చేసింది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని బస్సెక్కాడు. తన అమ్మ పేరు ఎవరో పెద్దాయన ఇంట్లో దొరికిందన్న మాట ఎమ్మిగనూరు నుంచి ఆదోని దాకా పక్క సీటులోవాళ్లకు చెప్పుకుంటూనే పోయాడు.

బీరువా తెరిచారు. ముందు వాసన వచ్చింది, పుల్లగా, బూజుపట్టిన వాసన. సంధ్య పైకట్ట దించి నేల మీద పరిచింది. ప్లాస్టిక్ పసుపు తిరిగింది. కాగితాల మీద గోధుమరంగు మచ్చలు, కొన్నింటి మీద నల్లటి చుక్కలు. ఇంకు అక్షరాలు ఉబ్బి ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి.

ఎర్రిస్వామి ఇంకా గ్రహించలేదు. "అన్నీ నేనే చేసినా పాపా," అన్నాడు. "చెద ముట్టలేదు చూడు, ఒక్కదాన్ని కూడా."

సంధ్య మచ్చపడిన ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఏ నెలలో చేశారన్నా?"

"వానలప్పుడు. శ్రావణంలో మొదలుపెట్టినా."

"కాగితాలు ఆరబెట్టారా?"

"మిషను వేడిగా ఉంటాది కదా."

"ఈ అంచులు?"

"చెద తిన్నవి కత్తిరించినా. లేకుంటే నీటుగా రాదు."

"ఆ ముక్కలు దాచిపెట్టారా అన్నా?"

"చెత్తబుట్టలో వేసినా," అన్నాడు. చెప్పేటప్పటికే ఆయన గొంతు తగ్గిపోయింది.

సంధ్య ఒక కార్డు చేతిలోకి తీసుకుని చూపించింది. చోటు చాలకపోతే మనుషులు కార్డు అంచుల్లో అడ్డంగా, నిలువుగా రాసేస్తారు. అసలు మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ కార్డులో ఆఖరి వరస సగం నుంచి లేదు. మరో దాంట్లో తేదీ లేదు. ఇంకో దాంట్లో రాసినవాళ్ల పేరే లేదు.

అడుగున అమ్మ పాటలు ఉన్నాయి. మందం ప్లాస్టిక్ లోపల తేమ ఎటూ పోలేక, ఆ పెన్సిలు రాత అంతా కరిగి పరుచుకుంది. పద్నాలుగు పేజీలూ ఊదారంగు మరకలు. అక్కడక్కడ ఒక సున్నా, ఒక కొమ్ము. చదవడానికి మాట అంటూ లేదు.

ఎర్రిస్వామి వాటిని కిటికీ వైపు తిప్పి చూశాడు. ఇటు తిప్పి చూశాడు. "ఊడదీయలేమా?" అన్నాడు.

"జిగురు కాగితంలోకి ఇంకిపోయింది. లాగితే కాగితం కూడా వస్తుంది."

"నేను ముట్టుకోకపోయింటే?"

సంధ్య ఆ పేజీలను మళ్లీ కట్టగా సర్దడం మొదలుపెట్టింది.

"నిజం చెప్పు పాపా. అట్లనే సంచిలో ఉండింటే?"

"చెదలు ఇంకొన్ని తిని ఉండేవి."

"మిగిలినవి?"

"ఆరబెట్టి గుడ్డలో చుట్టి పెట్టి ఉంటే... ఉండేవి అన్నా."

శాంతకుమారి కాఫీ తెచ్చింది. "నేనే కదా తెచ్చి ఇచ్చింది స్వామీ. నీ తప్పేముంది?" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె గ్లాసు వైపు చూస్తోంది తప్ప ఆయన వైపు చూడలేదు. ఆయన కాఫీ తాగలేదు. మెట్లు దిగి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచి, వీధి చివరిదాకా పోయి వెనక్కి వచ్చాడు.

ఇంటికి చేరాక ఈరమ్మకు విషయం చెప్పి, పెట్టెలోని శాలువా తీసి ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. ఆమె ఇవ్వలేదు. కనబడని చోట పెట్టింది. వారం రోజులు అంగడి తెరవలేదు.

సంధ్య అన్నిటినీ పెట్టెల్లో సర్దుకుని హైదరాబాదు తీసుకుపోయింది. రెండు నెలలకు ఫోన్ చేసింది. ఆరువందల పన్నెండులో రెండువందల ముప్పై దాకా చదవడానికి వస్తున్నాయి, వాటికి ఫోటోలు తీస్తున్నారు. మిగిలినవాటిలో ఒక కార్డు మీద ప్లాస్టిక్ తీసే ప్రయత్నం చేశారు. కార్డు పొరలుగా చీలిపోయింది. ఇంక వేరేవి ముట్టుకోరు. అలాగే ఉంచుతారు.

"అన్నా, ఆ పాటలు మీకేమన్నా గుర్తున్నాయా? వచ్చినంత వరకు చెప్పినా రాసుకుంటాను."

ఎర్రిస్వామి తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నప్పుడు రోజూ విన్న పాటలు. చెవిలో ఉన్నాయనే అనుకున్నాడు. అమ్మ ఎప్పుడూ పాడుతూనే ఉండేది కాబట్టి ఆయన ఎన్నడూ వాటిని పట్టించుకుని వినలేదు. పైగా అయ్యోరు రాసుకున్నాడు కదా, ఇంక తాను గుర్తుపెట్టుకునే పనేముంది? ఒక పాట మొత్తం వచ్చింది. ఇంకో దాంట్లో, "కండె సుట్టే కొద్దీ పొద్దు కుంగె సెల్లెలా," అన్న వరస వచ్చింది, దాని తర్వాతిది రాలేదు. మిగతావి రాగం వస్తుంది, మాట రాదు.

నందవరంలో అమ్మ చెల్లెలు ఉంది, ఎనభై దాటిన ముసలామె. అక్కడికి పోయాడు. చెవి దగ్గర నోరు పెట్టి అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించింది. "మా అక్క పాడుతాండె అప్పా, బాగా పాడుతాండె. నేను యాడ నేర్చుకుంటి? నాకు పనే సరిపాయ," అంది. ఆయన చెయ్యి పట్టుకుని, "మీ అయ్యోరు రాసుకున్యాడు కదా, ఆయన్ని అడుగు," అంది. అయ్యోరు లేడని ఆమెకు చెప్పలేదు. ఆమె ఇచ్చిన అరటిపండు తిని వచ్చేశాడు.

చివరికి హైదరాబాదుకు పంపింది ఒకటిన్నర పేజీ. ఫోన్‌లో పాడి వినిపించమని సంధ్య అడిగితే మొదలుపెట్టాడు గానీ, రెండో వరసలో ఆగిపోయాడు.  

అప్పటి నుంచి ఎవరింట్లోనైనా తాతల నాటి కాగితాలు ఉన్నాయని తెలిస్తే ఎర్రిస్వామి పోతాడు. ఆదోనిలో పత్తి వ్యాపారుల ఇళ్లకు పోయాడు, గూడూరులో ఒక పురాణం చెప్పే అయ్యవారి ఇంటికి పోయాడు. ప్లాస్టిక్ వేయొద్దు, అంచులు కత్తిరించొద్దు, ఆరబెట్టి నూలు గుడ్డలో చుట్టండి అని చెబుతాడు. "జిరాక్స్ అంగడోనివి, నీకేం తెలుసు?" అంటారు వాళ్లు. అప్పుడు తాను చేసింది మొదటి నుంచి చెప్పాలి. చెబితేనే నమ్ముతారు. ప్రతి ఇంట్లో, కొత్తవాళ్ల ముందు, ఆ బీరువా తెరిచిన పొద్దును మళ్లీ చెప్పాలి. కొందరు జాలిపడతారు. ఒకాయన మాత్రం, "ఎంత పని చేసినావప్పా!" అని తల పట్టుకున్నాడు. ఎర్రిస్వామి ఆ ఇంటికి ఇంకో రెండుసార్లు పోయి, కాగితాలు గుడ్డలో చుట్టారా లేదా అని చూసి వచ్చాడు.

శాంతకుమారి ఉగాదికి ఫోన్ చేస్తుంది. బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటారు. జాబుల మాట ఇద్దరూ ఎత్తరు.

పోయిన కార్తీకంలో శేషన్న అనే ఆయన ఒక సంచితో అంగడికి వచ్చాడు. కర్నూలులో ఉండే రిటైరైన కండక్టరు, సొంతూరికి వచ్చి తిరిగిపోతున్నాడు. వాళ్ల నాయన హరికథలు చెప్పేవాడట. ఆయనకు ఊరూరి నుంచి వచ్చిన జాబులు, ఆయన సొంతంగా రాసుకున్న కథల కాగితాలు.

"వీటికి లామినేషన్ వేసియ్యి అప్పా."

"నేను వేయను అన్నా."

"బోర్డు పెట్టుకున్నావు కదా?"

"కార్డులకు వేస్తా. వీటికి వేయను. నువ్వు కూడా యాడా వేయించొద్దు," అని, ఎందుకో చెప్పబోయాడు. అంతలో ఎవరో పాసుపుస్తకం ముందుకు తోశారు. వాళ్లను పంపి తల ఎత్తేసరికి శేషన్న లేడు. రోడ్డుకు అవతలి అంగడిలో బల్ల ముందు నిలబడి ఉన్నాడు.

ఎర్రిస్వామి అంగడి వదిలేసి పరుగెత్తాడు. ఆయన రోడ్డు మీద పరుగెత్తడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పోయి శేషన్న చెయ్యి పట్టుకున్నాడు. చెప్పాల్సింది వరసగా రాలేదు. చెదలన్నాడు, వానన్నాడు, ఊదారంగు అన్నాడు. నలుగురూ చూస్తుండగానే ఏడ్చేశాడు.

శేషన్న బిత్తరపోయాడు. "ఎవరివప్పా ఆ జాబులు? మీ నాయనవా?"

"మా అయ్యోరివి. మా అమ్మ పాటలు కూడా దాంట్లోనే ఉండె."

 శేషన్న ఆ అంగడాయన్ని మిషను ఆపమన్నాడు. అప్పటికే పదకొండు కాగితాలు అయిపోయాయి. వెచ్చగా, మెరుస్తూ బల్ల మీద ఉన్నాయి. మిగిలినవన్నీ శేషన్న తిరిగి సంచిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పక్క వీధిలో గంజి లేని నూలు పంచె గుడ్డ ఒకటి కొన్నారు. ఎర్రిస్వామి బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఆ కాగితాలను గుడ్డలో ఎలా చుట్టాలో ఒక్కొక్క మడతా చూపించి, శేషన్నను కర్నూలు బస్సెక్కించాడు.