ఫస్ట్ షీట్ మీద సంతకం

కరోనా వచ్చిన రెండో ఏడు మా ప్రెస్సులో అచ్చయినవన్నీ టీకా పోస్టర్లే. ఆబిడ్స్ వెనక సందులో కిటికీ లేని గది, రెండు ఆఫ్‌సెట్ మెషీన్లు, ఏడుగురు పనివాళ్లు, ఒక ప్రూఫ్ రీడర్. ఆ ప్రూఫ్ రీడర్ని నేనే. ‘స్వచ్ఛందంగా ముందుకు రండి, టీకా వేయించుకోండి’ అన్న వాక్యం చదివీ చదివీ నాకు విసుగొచ్చింది.

ఆ పోస్టర్లు వేలకొద్దీ అచ్చు వేసిన మా పెద్ద మెషీన్‌మ్యాన్ మాత్రం తనకు టీకా వద్దన్నాడు. అతన్ని చూసి కటింగ్ మెషీన్ దగ్గరి ఇద్దరూ వద్దన్నారు. మా సేటుకు ఒళ్లు మండింది. ‘టీకా సర్టిఫికెట్ లేనివారికి సోమవారం నుంచి ప్రవేశం లేదు. – యాజమాన్యం’ అని నోటీసు వేయించాడు. రాసింది నేను, దిద్దింది నేను, అచ్చు వేసింది ఆ పెద్దాయనే. మార్జిన్లు కూడా చక్కగా కుదిర్చాడు.

వారం రోజులు అతనితో వాదించాను. గోడతో మాట్లాడినా నయమే.

“ఈ గదికి కిటికీ లేదన్నా. నీకొస్తే అందరికీ అంటుకుంటది. బైండింగ్ ఆయనకు షుగరున్నది, తెల్వదా?” అన్నాను.

“ఎరుకే మేడం. గందుకే మాస్కు తీస్తలేను.”

“ఫోన్ల వీడియోలు నమ్ముతవ్, డాక్టర్లను నమ్మవా?”

“వీడియోలు ఇడిసిపెట్టున్రి. గా పోస్టర్ల మీ ఇష్టంతోని రమ్మన్నరు. గీ నోటీసుల సూది లేకుంటే పనే లేదన్నరు. రెండూ మీరే దిద్దిన్రు. ఏది తప్పు?”

రెండింట్లోనూ అక్షరం తప్పు లేదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మెషీన్ మీద మొదట వచ్చిన కాగితం ఫస్ట్ షీట్. దాన్ని నేను చదివి సంతకం పెడితేనే మిగతావి నడుస్తాయి. తర్వాత తప్పు దొరికితే పూచీ నాది. ఆ షీట్లన్నీ గోడకున్న మేకుకు గుచ్చుతాం. ఒకసారి శుభలేఖలో ముహూర్తం తప్పు పడి పెళ్లివారు గొడవకొస్తే, పెద్దాయన మేకు నుంచి నా సంతకమున్న షీటు తీసి సేటు ముందు పెట్టాడు. ఆ రోజు తిట్లన్నీ నేనే తిన్నాను.

“గీ సూదికి ఫస్ట్ షీట్ మీద సంతకం ఎవలది?” అని ఇప్పుడు నన్ను అడిగాడు. “నాకేమన్నయితే నాది పూచీ అని సేటును రాసియ్యమనున్రి. గిప్పుడే పోత.”

సేటు దగ్గరికి వెళ్లి చెప్పాను. “నేనేమన్న డాక్టర్నా? యాజమాన్యం అని పెద్దక్షరాలతోని రాసినం గద, చాలదా?” అన్నాడు. మనిషి పేరు లేని యాజమాన్యం!

సోమవారం అతను చాదర్‌ఘాట్ నుంచి ఎప్పటి వేళకే టిఫిన్ డబ్బాతో వచ్చాడు. తలుపు మీద, తాను అచ్చు వేసిన నోటీసు ముందు నిలబడ్డాడు. లోపలికి రాడు, ఇంటికి పోడు. లోపల సేటు కొత్త మెషీన్‌మ్యాన్ కోసం ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఇద్దరిలో ఎవరి నెత్తి మొట్టాలో నాకు తెలియలేదు. ఒక పాడైన పోస్టరు లాగి, వెనకవైపు రాశాను: ‘నా మాట మీద ఈయన టీకా వేయించుకుంటున్నాడు. ఏమైనా అయితే పూచీ నాది.’ కింద సంతకం పెట్టి అతని చేతిలో పెట్టాను. ఏ కాగితాన్నీ రెండోసారి చూడని మనిషి, దాన్ని రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు.

“నడువున్రి మేడం,” అన్నాడు.

నాంపల్లిలోని సర్కారు దవాఖానలో సూది వేయించుకున్నాడు. ఆ సాయంత్రానికే జ్వరం. జ్వరం మామూలేనని వారం పాటు అతనికి పాఠం చెప్పింది నేనే. టీకా తర్వాత నాకు జ్వరమొచ్చినప్పుడు ఒక మాత్ర వేసుకుని పనికొచ్చాను కూడా. ఇప్పుడు మాత్రం గంటకోసారి ఫోన్ చేశాను. చివరికి అతని భార్య విసుక్కుంది. “పండుకున్నడు మేడం. ఎన్నిసార్లు లేపాలె?”

మూడో రోజు వచ్చాడు. నా కాగితం తీసి మేకుకు గుచ్చి, “నడిచింది,” అన్నాడు. అంతే, మెషీన్ దగ్గరికి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కాసేపటికి బయటి నుంచి పిలుపు. నోటీసు అవతల కటింగ్ మెషీన్ దగ్గరి ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు.

“మాకు గూడ రాసియ్యున్రి మేడం.”

కోపంగా లేచాను. తలుపు మీది నోటీసు పీకి రెండుగా చింపాను. వెనకవైపు తెల్లగానే ఉంది. ఇద్దరికీ అదే మాట రాశాను. పెద్దాయన కాగితం మీద సంతకం కోపంలో పెట్టాను, చెయ్యి ఆగలేదు. ఈసారి రెండు చోట్లా ఆగింది. భయమేసింది. అయినా పెట్టాను.