చేప పిల్లకు ఈత నేర్పిన ఉద్యోగం

పన్నెండేళ్ళ కిందట, మార్చి మొదటి వారంలో, ఉత్తర న్యూజెర్సీలోని ఒక చిన్న కంపెనీలో నేను టెస్ట్ ఇంజినీరుగా చేరాను. ఆ కంపెనీ చేపలు పట్టేవాళ్ళకు కావలసిన సరంజామా అమ్మేది. గాలం కర్రలైన రాడ్లూ, దారం చుట్టే రీళ్ళూ బయట కొని తమ పేరు వేసుకునేవారు గానీ, ఎరలు మాత్రం సొంతంగా తయారుచేసేవారు. ఎర అంటే వానపాము కాదు. ప్లాస్టిక్‌తో చేసిన చేప బొమ్మ, దాని కడుపు కిందా తోక కిందా గాలాలు. అమెరికాలో దీన్ని లూర్ అంటారు. అది నీళ్ళలో ప్రాణమున్న చేపలా ఈదుతోందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం పడనిదే ఏ మోడలూ ఫ్యాక్టరీలోకి వెళ్ళేది కాదు.

అంతకుముందు నేను కార్ల షాక్ అబ్జార్బర్లు పరీక్షించేదాన్ని. పుట్టింట్లోనూ అత్తింట్లోనూ మాది పూర్తి శాకాహారం. చేపను దగ్గర నుంచి చూసిందల్లా పళ్ళ డాక్టరుగారి వెయిటింగ్ రూములోని అద్దాల తొట్టెలోనే. ఉద్యోగం సంగతి చెప్పగానే మావారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

“చేప పిల్లకు ఈత నేర్పాలా అంటారు గదా. నీకు జీతమిచ్చి మరీ నేర్పమంటున్నారన్నమాట” అన్నారు.

ఆయన మన్‌హటన్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేరు రాసేవారు. రైల్లో కలిసిన ప్రతి తెలుగువాడికీ ఈ మాట చెప్పినట్టున్నారు. నెల తిరిగేసరికి మేముండే ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీది ఇండియన్ దుకాణాల్లో బెండకాయలు ఏరుకుంటున్నవాళ్ళు కూడా, మీ పిల్లలకు ఈత వచ్చిందా అండీ అని పలకరించడం మొదలుపెట్టారు.

మా ప్రోడక్ట్ మేనేజరు హ్యాంక్ అరవై దాటిన మనిషి. వేళ్ళ నిండా పాత గాలాల మచ్చలు. నేను చేపలు తిననని, ఎన్నడూ పట్టలేదని తెలిసి, అదీ మంచిదే, ఏ ఎర మీదా నీకు పక్షపాతం ఉండదు అన్నాడు. చేరిన రోజే నాకొక కొత్త మోడల్ అప్పగించాడు. బాస్‌నూ పైక్‌నూ రెండింటినీ పట్టగల ఎర అది. దానితోపాటు ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాడు. పరీక్షల పని మొత్తం బయటి ల్యాబుకు ఇచ్చేద్దామని పైవాళ్ళు ఆలోచిస్తున్నారట. అక్టోబరు మీటింగులోగా ఈ మోడల్ నిలబడితే మా టెస్ట్ రూమ్ ఉంటుంది, లేకపోతే రూమూ ఉండదు, నా ఉద్యోగమూ ఉండదు.

ఈ రెండు చేపల గురించి కొంచెం చెప్పాలి. బాస్ బొద్దుగా ఉంటుంది, నోరు పెద్దది. నీళ్ళలో పడిపోయిన కొమ్మల కిందా, నాచు అంచునా నక్కి ఉంటుంది. పైక్ పొడుగాటిది, బాతు ముక్కులాంటి మూతి, నోటి నిండా సూదుల్లాంటి పళ్ళు. కర్రముక్కలా కదలకుండా నిలబడి, ముందు నుంచి ఏదైనా పోతే ఒక్క ఉదుటున వచ్చి పట్టేస్తుంది. దాని పళ్ళకు మామూలు లైను, అంటే గాలపు దారం, ఆగదు. అందుకని ఎరకు ముందు జానెడు స్టీలు తీగ కడతారు. దాన్ని లీడర్ అంటారు. బాస్ కోసం వెళ్ళేవాళ్ళకు ఆ తీగంటే గిట్టదు, ఎర ఈత మొద్దుబారుతుందంటారు.

మా పరీక్ష ఇలా ఉండేది. టెస్ట్ రూములో పొడుగాటి నీళ్ళ ట్యాంకు. ఒక మోటారు ఎరను ఈ చివరి నుంచి ఆ చివరికి లాగుతుంది. మెల్లగా ఒకసారి, మధ్యరకంగా ఒకసారి, వేగంగా ఒకసారి. ట్యాంకు అడుగున రెండు పసుపు గీతలు. ఎర ఆ గీతల మధ్యనే ఈదాలి. గీత దాటితే ఫెయిల్, వెల్లకిలా తిరగబడితే ఫెయిల్. ఈత అంతా రెండు వస్తువుల మీద ఆధారపడి ఉంటుంది. ఎర మూతి కింద నాలుకలా ముందుకు చాచి ఉండే పలక ఒకటి, కడుపులో బరువు కోసం పెట్టే ఇనుప గోళీ ఒకటి. పలక వంపు కాస్త మార్చినా, గోళీ కాస్త జరిపినా చేప నడకే మారిపోతుంది. షాక్ అబ్జార్బర్లతో వేగిన నాకు ఇది పరమానందంగా ఉండేది. మే నెలకల్లా మా ఎర గీసిన గీత మీద ఈదడం నేర్చుకుంది.

ఫెయిలైనవాటిని ఒక అట్టపెట్టెలో పడేసేదాన్ని. నాకొక్కదానికే సంబంధించిన పెట్టె కాబట్టి దానిమీద తెలుగులోనే ‘పనికిరానివి’ అని రాసుకున్నాను. ఆ గుండ్రటి అక్షరాలు ముచ్చటగా ఉన్నాయని హ్యాంక్ మెచ్చుకునేవాడు గానీ అర్థం ఎప్పుడూ అడగలేదు.

పాసైన శాంపిళ్ళను మాకు తెలిసిన జాలర్లకు, అంటే సరదాకి చేపలు పట్టే అనుభవజ్ఞులకు, పంపించాం. వేసవంతా వాళ్ళ జవాబులు వస్తూనే ఉన్నాయి. అన్నీ ఒకటే పాట. ఈత చాలా అందంగా ఉంది, చేపలే రావడం లేదు. ఆగస్టు చివరికి హ్యాంక్ మా రూముకు రావడం తగ్గించేశాడు. టెస్ట్ రూము మీద ఆశ వదులుకున్నాడని నాకు అర్థమైంది.

అప్పుడే ప్రభుదాస్ గారు ఫోన్ చేశారు. ఆయన మావారి ఆఫీసులో స్నేహితుడు, నరసాపురం మనిషి, జెర్సీ సిటీలో ఉండేవారు. వాళ్ళ తెలుగు చర్చివాళ్ళు సెప్టెంబరు మొదట్లో ఒక చెరువు దగ్గర పిక్నిక్ పెట్టుకున్నారు. చేపలు పట్టడానికి లైసెన్సులు కూడా తీసుకున్నారట. చర్చి అలవాటు కొద్దీ ఆయన నన్ను సిస్టర్ అనేవారు.

“సిస్టర్, మీరు పారేసేవి ఏవైనా ఉంటే మాకిచ్చేయండి. మా బ్రదర్స్‌లో సగం మంది ఫస్ట్ టైమ్ వస్తున్నారండి. కొత్తవి కొనిపెడితే ఫస్ట్ కొమ్మకే వేలాడదీస్తారు” అన్నారు.

హ్యాంక్‌ను అడిగితే, పెట్టె ఖాళీ అవుతుంది, పట్టుకెళ్ళు అన్నాడు. పెట్టెలోవి పిక్నిక్‌కు ఇచ్చి, ప్రభుదాస్ గారికి మాత్రం మర్యాదగా పాసైన శాంపిల్ ఒకటి విడిగా ఇచ్చాను. ఆయన గోదావరి ఒడ్డున పెరిగినవారు, అక్కడ చేరినవాళ్ళలో అసలైన పనిమంతుడు ఆయనే.

నేనూ మావారూ పులిహోర పట్టుకుని వెళ్ళాం. ఆ పొద్దుట జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు ఆగదు. రాడ్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని బ్రదర్స్ ఒకరి తర్వాత ఒకరు బాస్‌లు లాగుతున్నారు. పాస్టరుగారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, మూడోసారి విసిరేసరికి ఒక పైక్‌ను పట్టారు. చేయంత పొడుగుంది. ప్రభుదాస్ గారు మాత్రం ఒడ్డంతా మారి మారి, టోపీ తిప్పి పెట్టుకుని, ఒక్క చేపనూ పట్టలేకపోయారు. చివరికి నా దగ్గరికి వచ్చారు.

“మంచిది నాకిచ్చి మోసం చేశారండి సిస్టర్. మీ పనికిరానివాటిలో ఒకటి ఇప్పించండి.”

అందరూ నవ్వారు. ఆయన ఎర మార్చారు. కాసేపట్లోనే బాస్ పడింది. నేను మాత్రం చేతిలో పులిహోర గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. మధ్యాహ్నం పాస్టరుగారి పైక్‌ను ప్రభుదాస్ గారి ఆవిడ పులుసు పెట్టారు. ఇక్కడివాళ్ళు పైక్‌ను పట్టుకుని వదిలేయడమే ఎక్కువ, దాని మాంసంలో చీలిన ముళ్ళు ఉంటాయి. ముళ్ళకు భయపడితే పులస తినగలమా అని ఆవిడ కొట్టిపారేశారు.

పిక్నిక్ సెలవు అయిపోగానే అందరికీ ఫోన్లు చేసి ఇచ్చిన ఎరలు తిరిగి అడిగాను. ఇచ్చి పుచ్చుకునే పద్ధతి ఇదేనా అని వేళాకోళం చేశారు గానీ ఇచ్చారు. ఒకటి అప్పటికే కారు అద్దానికి వేలాడుతోంది. వాటిని మళ్ళీ ట్యాంకులో లాగి, ఈసారి గీతల వైపు చూడటం మానేసి ఎరనే చూశాను. కొన్ని నిజంగానే తిరగబడుతున్నాయి. నాలుగైదు మాత్రం వేరు. చక్కగా ఈదుతూ ఈదుతూ ఉన్నట్టుండి ఎడమకు జారి గీత దాటి, తడబడి, మళ్ళీ సర్దుకుని దారిలోకి వస్తున్నాయి. కాసేపటికి కుడికి జారి మళ్ళీ వస్తున్నాయి. ఒకదాన్ని కోసి చూశాను. లోపల ఇనుప గోళీ జిగురు అంటక, తన గుంటలో అటూ ఇటూ రవ్వంత కదులుతోంది. వేగం పెరిగితే గోళీ జరుగుతుంది, చేప ఒరుగుతుంది, మళ్ళీ గోళీ వెనక్కి వస్తుంది.

నీళ్ళలో దెబ్బతిన్న చేప ఈదేది అలాగే. వేటాడే చేపకు కావలసిందీ అదే. మేం మా బొమ్మకు ఈత మరీ బాగా నేర్పేశాం. అంత ఆరోగ్యంగా పోతున్నదాని వెంట ఏ పైకూ ఆయాసపడదు. మావారి సామెత నాకు ఆ రోజు తలకెక్కింది.

గోళీ గుంటను కావాలనే కొంచెం పొడుగు చేసి రెండు నమూనాలు చేతితో తయారుచేశాను. కొత్త నియమం కూడా రాశాను. ఎర గీత దాటవచ్చు, కానీ ట్యాంకు చివరికి చేరేలోగా వెనక్కి రావాలి. హ్యాంక్ విని చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. ముప్పై ఏళ్ళుగా గీత దాటినదాన్ని పారేస్తున్న మనిషి. ఆఖరికి, చెరువు మీద నీ చేత్తో పట్టి చూపించు అన్నాడు. నాకెందుకు, మీరే పట్టండి అన్నాను. ఆయన చెప్పిన కారణం నాకు నచ్చింది. నేను పడితే నా చెయ్యి మంచిదంటారు, జన్మలో రాడ్ పట్టని నువ్వు పడితే ఎర మంచిదంటారు అన్నాడు.

ప్రభుదాస్ గారు ఎడిసన్ వచ్చి మా అపార్ట్‌మెంట్ పార్కింగులో నాకు విసరడం నేర్పారు. గాలాలు తీసేసిన ఎర మొదట మా కారు మీద, తర్వాత పక్కింటివాళ్ళ బాల్కనీలో పడింది. కంపెనీ పైవాళ్ళకే పట్టనిది నీకెందుకు, కందకు లేని దురద కత్తిపీటకా అని మావారు బాల్కనీలోంచి అరిచారు. కానీ ఎర వెతికి తెచ్చి ఇచ్చిందీ ఆయనే.

మీటింగుకు ముందువారం హ్యాంకూ నేనూ పడవలో బయల్దేరాం. పాసైన పాత ఎర ఆయన రాడ్‌కు, నా నమూనా నా రాడ్‌కు. తీగ కడితే ఈత మొద్దుబారుతుందని నేనే లీడర్ కట్టనివ్వలేదు. కొంతసేపటికి నా రాడ్ ఒక్కసారి కిందికి వంగింది, అంతలోనే తేలికైపోయింది. లైను చుట్టి చూస్తే చివర కత్తితో కోసినట్టుంది. పైక్ కొరికేసి నమూనాతో సహా వెళ్ళిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.   రెండోదానికి హ్యాంక్ తనే తీగ కట్టి నా చేతికిచ్చాడు.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చేతులు చలికి కొంకర్లు పోతున్నాయి. నాచు అంచు వెంట విసిరి చుడుతున్నాను. తీగ వల్ల ఈత కొంచెం బరువెక్కిన మాట నిజమే. అయినా తేట నీళ్ళలో నా ఎర పక్కకు జారడం, తడబడటం కనిపించింది. మళ్ళీ దారిలోకి రాబోయింది. రానివ్వలేదు. అడుగు నుంచి పచ్చటి పొడుగాటి ఒళ్ళు లేచి దాన్ని అడ్డంగా పట్టేసింది. రాడ్ ఎత్తి పెట్టు, లాగకు, దాన్నే అలిసిపోనివ్వు అని హ్యాంక్ మెల్లగా చెబుతున్నాడు. అది రెండుసార్లు పడవ కిందికి పోయింది. రెండుసార్లూ లైను వదిలి చుట్టాను. హ్యాంక్ చాచిన పిడి వలలోకి చేప రాగానే నా నోట తెలుగే వచ్చింది.

“వచ్చింది. నా పిల్ల వచ్చింది.”

ఆయనకు అర్థం కాకపోయినా నవ్వాడు. పట్టకారుతో గాలం తీసి, ఒక్క నిమిషం నా చేతుల్లో పెట్టాడు. చల్లగా, జారుడుగా, బలంగా ఉంది. అంత సంతోషం నాకు ఇంజినీరింగు పట్టా అందుకున్న రోజున కూడా కలగలేదు. నీళ్ళలోకి దించి వేళ్ళు వదులు చేస్తే తోక ఝాడించి వెళ్ళిపోయింది. శాకాహారి పట్టిన చేప తన ఇంటికి కాక ఇంకెక్కడికి పోతుంది? ఆ రోజు హ్యాంక్ రాడ్‌కు ఒక్క చేప కూడా తగల్లేదు. ఒడ్డుకు వచ్చాక, ఇక వెళ్ళి సంతకం పెట్టు అన్నాడు.

మీటింగులో మోడల్ నిలబడింది, దానితోపాటు టెస్ట్ రూమూ నిలబడింది. నేను రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. మీటింగు మర్నాడు హ్యాంక్ మొదటిసారి ఆ అట్టపెట్టె మీది అక్షరాలకు అర్థం అడిగాడు. చెప్పాను. అయితే ఇంకో పెట్టె కావాలి అని వెళ్ళి తనే తెచ్చాడు. అప్పటి నుంచీ తిరగబడినవి ఒక పెట్టెలో, తడబడి సర్దుకున్నవి ఇంకో పెట్టెలో వేశాను. కొత్త పెట్టె మీద ‘నీళ్ళలో చూడాలి’ అని తెలుగులోనే రాశాను. గీతలు గీసేది ట్యాంకులో మనమే గానీ, పాసో ఫెయిలో చెప్పేది చెరువులో చేప. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే.