గొట్టంలో పట్టని డ్రైవరు

ఆ రోజుల్లో నేను సన్నగా ఉండేవాణ్ణంటే ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మరు. వాళ్ళని అనుకుని లాభం లేదు. సాక్ష్యంగా చూపించడానికి నా దగ్గరున్నది ఒకే ఒక్క ఫొటో, అందులోనూ హెల్మెట్టు పెట్టుకుని ఉన్నాను. "ఇది మీరేనని గ్యారంటీ ఏంటండీ?" అంటుంది మా ఆవిడ. మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి, "నాన్నా, దట్స్ డెఫినెట్లీ సమ్‌వన్ ఎల్స్," అని తేల్చేసింది. వయసు పోయిందని బాధపడేవాళ్ళని ఓదార్చేవాళ్ళు దొరుకుతారు గానీ, ఒకప్పటి నడుము నీది కానే కాదని ఇంట్లోవాళ్ళే తీర్పు చెబితే ఎవరికి మొరపెట్టుకుంటాం? అందుకే మీకు చెబుతున్నాను. కాస్త సానుభూతితో వినండి.

అప్పట్లో నేను ఈ దేశానికి కొత్తగా వచ్చి, యూనిలో (యూనివర్సిటీని ఇక్కడ అలాగే అంటారు) చదువుకుంటూ, బ్లాక్‌టౌన్‌లో ఒక తెలుగు ఆంటీవాళ్ళింట్లో వెనక గదిలో అద్దెకుంటూ, శని ఆదివారాలు హారిస్ పార్కులో ఒక బిర్యానీ హోటలుకి డెలివరీలు చేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మా వీధికి దగ్గర్లోనే ఒక ఇంటికి పొట్లం పట్టుకెళ్ళాను. నిక్కరు, బనీను వేసుకున్న ముసలాయన షెడ్డులోంచి బయటికొచ్చాడు. పొట్లం వంక చూడలేదు. నన్ను కిందనించి పైదాకా చూసి, జేబులోంచి కొలతల టేపు తీసి, ముందూ వెనకా ఏమీ చెప్పకుండా నా భుజాల మీద పరిచాడు. (మా అమలాపురంలో అలా కొలిచేది టైలరు ఒక్కడే, ఆయనైనా ముందు కూర్చోమంటాడు.) కొలిచి, మొహం చాటంత చేసుకుని, "పర్ఫెక్ట్, మేట్!" అన్నాడు. పుట్టాక నా ఒంటిని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. చిన్నప్పటినించీ ఈనుపుల్ల, గెడకర్ర అనిపించుకున్నవాణ్ణి, కరిగిపోయాను.

ఈ దేశం లోపల ఎక్కడో, నీళ్ళు ఎండిపోయి ఉప్పు మాత్రం మిగిలిన ఒక మహా సరస్సు ఉంది. ఏడాదికోసారి కొందరు పిచ్చివాళ్ళు ఇళ్ళలో కట్టుకున్న బండ్లని అక్కడికి మోసుకెళ్ళి, ఒక్కొక్కరుగా, పక్కన పోటీకి ఎవరూ లేకుండా, తిన్నగా తోలతారు. ఎంత వేగం వచ్చిందో చూసుకుని ఇంటికొచ్చి, మిగతా ఏడాదంతా అదే బండిని విప్పుతూ బిగిస్తూ గడుపుతారు. లారీ మెకానిక్కుగా రిటైరైన మా ఉప్పుతాత (ఆ పేరు నేను పెట్టిందే) అలాంటి పిచ్చివాళ్ళలో ఒకడు. ఆయన బండికి నేను పెట్టిన పేరు గొట్టం. నిజంగానే అది ఒక పొడుగాటి రేకు గొట్టం. వెనక మోటార్‌సైకిలు ఇంజను, ముందు మనిషి పడుకునే చోటు. ఎంత సన్నగా ఉంటే గాలి అంత తక్కువ అడ్డుకుంటుందని, వయసులో ఉన్నప్పటి తన కొలతలకి బిగించి కట్టుకున్నాడు. తరవాత ఆయనకి మోకాళ్ళ ఆపరేషన్లయ్యాయి, డాక్టరు వద్దన్నాడు. అప్పటినించీ తాత ఊరంతా సన్నటి మనిషికోసం వెతుకుతున్నాడు. ఆ రోజునించి నేను గొట్టానికి డ్రైవర్ని. నా పేరు పలకడం రాక "పెన్సిల్" అని పిలిచేవాడు.

మొదటి ఏడాది ట్రెయిలరు వెనక కట్టుకుని అంత దూరం పోతే, సరస్సు నిండా చీలమండ లోతు వాన నీళ్ళు. ఒక్క బండీ కదల్లేదు. ఆ నీళ్ళ పక్కన గొట్టంలో దూరి తీయించుకున్నదే ఆ ఫొటో. దాన్ని ఇంటికి పంపాను, వాన సంగతి రాయలేదు. వచ్చే ఏడు ఎలాగూ తోలతాను కదా, అప్పుడు నిజమైపోతుందిలే అనుకున్నాను. ఇంతలో మా అక్క పెళ్ళి కుదిరింది. యూనికి సెలవులివ్వగానే వెళ్ళాను. బస్టాండులో దిగేసరికే నేను "రేసు డ్రైవరుగారు" అయిపోయి ఉన్నాను! ఏ ఇంటికెళ్ళినా "రేసు బాబూ, ఇదొక్కటీ తినండి, ఆయ్!" అని పళ్ళెం. ఒక ఇంట్లో సున్నుండలు, ఇంకో ఇంట్లో పూతరేకులు, పెళ్ళిలో నాలుగు రకాల గారెలు. మర్యాదకి కాదనలేకపోయాను. (రుచికి కూడా.) నెల తిరిగేసరికి, సన్నగా ఉన్నందుకు వచ్చిన కీర్తి నన్ను లావు చేసి విమానం ఎక్కించింది.

షెడ్డులోకి వెళ్ళగానే తాత స్పానరు కింద పెట్టాడు. "పెన్సిల్, వాట్ హాపెన్డ్?" అన్నాడు, ఎవరో పోయిన ఇంట్లో పరామర్శించినట్టు. సీజనుకి ఇంకా కొద్ది వారాలే ఉన్నాయి. గొట్టం మాత్రం పెళ్ళికూతురిలా తయారవుతోంది. పోయినేడు ఆ నీళ్ళ పక్కన నిలబెట్టినప్పుడు సందుసందునా దూరిన ఉప్పంతా కడిగి, తుప్పు గీకి, చక్రాల బేరింగులకి కొత్త గ్రీజు పెట్టాడు. బండి ఆపడానికి వెనకనించి విచ్చుకునే ప్యారాచూట్‌ని ఉతికి దండెం మీద ఆరేశాడు. అన్నీ సిద్ధమే, ఒక్క నేను తప్ప. పోనీ ఆ రేకు కాస్త వెడల్పు చేస్తే అని నసిగాను. తాత ఇంగ్లీషులో అన్నదానికి నా తెలుగు ఇది: "కారు కొయ్యను మేట్. నువ్వే తగ్గు."

ఇంటికొచ్చి ఆంటీతో, రేపటినించి నాకు సగమే పెట్టండి అన్నాను. ఈ ఆంటీ గురించి చెప్పాలి. తెనాలి ఆవిడ. సిటీ బస్సు డ్రైవరు. మనిషి ఐదడుగులు కూడా ఉండదు, పిట్టంత శరీరం. బస్సు వస్తుంటే స్టాపులో ఉన్నవాళ్ళకి స్టీరింగు పైన ఒక కళ్ళజోడు మాత్రం కనబడేది. అందరం బస్సాంటీ అనేవాళ్ళం. "తగ్గడం ఏందిరా నీ మొహం! ఇప్పుడిప్పుడే కదరా మనిషి రూపంలోకి వస్తున్నావ్," అంది. "లైట్‌గా చేస్తాలే" అని మాటిచ్చి, పుల్కాలు పెట్టింది. వారం తిన్నాను, అరంగుళం కూడా తగ్గలేదు. ఎందుకా అని ఒక పుల్కాని వెలుగుకి పెట్టి చూస్తే రెండు పొరల మధ్య నెయ్యి మెరుస్తోంది. "అది నెయ్యి కాదురా, వాసనకోసం," అంది ఆవిడ కళ్ళు తిప్పకుండా.

ఆ ఆదివారం డెలివరీలకి సెలవు పెట్టించి, మధ్యాహ్నం షెడ్డులో అసలు పరీక్ష పెట్టాడు తాత. సరస్సు దగ్గర తనిఖీ చేసేవాళ్ళ ముందు, నిప్పుకి కాలని సూటూ హెల్మెట్టూ వేసుకుని, బెల్టులు బిగించుకుని, నిప్పంటుకుంది అనగానే ఎవరి సాయమూ లేకుండా చటుక్కున బయటికి దూకాలి. లేకపోతే బండిని సరస్సు మీద కాలు పెట్టనివ్వరు. ఊపిరి బిగబట్టి లోపలికి జారాను. తాత పైనించి ఒక తోపు తోశాడు, దిగాను. "ఫైర్!" అని అరిచి లెక్క మొదలుపెట్టాడు. బెల్టులు ఊడాయి గానీ నేను ఊడలేదు. మోచేతులు రెండూ ఇరుక్కున్నాయి. పది అయింది, ఇరవై అయింది. కాసేపటికి తాత లెక్క ఆపేసి, టీకి నీళ్ళు పెట్టుకోవడానికి వెళ్ళాడు.

అప్పుడే ఆంటీ క్యారేజీ పట్టుకుని వచ్చింది, ముద్దపప్పూ మజ్జిగ పులుసూ. ఆవిడకి కనబడింది హెల్మెట్టు ఒక్కటే. "అయ్యో అయ్యో, పిల్లాణ్ణి రేకు డబ్బాలో కుక్కాడేందిరా ఈ ముసలాయన! వాట్ ఈజ్ దిస్, సార్?" అని తాత మీద ఇంతెత్తున లేచింది. తరవాత నన్ను, "చేతులు పైకెత్తి ఊపిరంతా వదిలేయ్" అని, ఒక చంక తను, ఇంకో చంక తాత పట్టుకుని, ఒకటి రెండు మూడు అని లాగారు. నేనొచ్చాను. నా బూట్లు రాలేదు, గొట్టం చివర పెడళ్ళ దగ్గరే ఉండిపోయాయి. తాతకి మోకాళ్ళు వంగవు, నేను నేలమీద కూలబడి రొప్పుతున్నాను. "ఉండండి, నే తీస్తా," అని ఆంటీ చున్నీ నడుముకి చుట్టుకుని చేపపిల్లలా లోపలికి జారిపోయింది.

ఎంతకీ బయటికి రాదే! "ఆంటీ, బూట్లు దొరికాయా?" అని లేచి తొంగిచూశాను. ఆవిడ బూట్ల సంగతే మరిచిపోయింది. చేతులు రెండూ స్టీరింగు మీదున్నాయి. ఎదురుగా ఉన్నది షెడ్డు గోడే అయినా ఎక్కడో దూరంగా చూస్తోంది. "ఒరేయ్," అంది మెల్లిగా, "ఇందులో బెల్లు లేదేందిరా?" బెల్లెందుకు ఆంటీ అన్నాను. "మా బస్సుకి ఉందిగా! ఇన్నేళ్ళుగా తోలుతున్నా. కాస్త వేగం అందుకునేలోపు దిగేవాడు ఎవడో ఒకడు టింగుమనిపిస్తాడు. బ్రేకు కొట్టాలి. మళ్ళీ ఎత్తుకోవాలి, మళ్ళీ టింగు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కాలు కిందిదాకా నొక్కి చూడాలని ఉంటదిరా నాకు." తాతకి తెలుగు ముక్క రాదు. అయినా, బిర్యానీ తెచ్చినరోజు నన్ను చూసినట్టే ఆవిణ్ణి చూశాడు, చెయ్యి దానంతటదే టేపున్న జేబులోకి వెళ్ళింది. తాత ఆటకి "ఫైర్" అన్నాడు. ఐదు అనేలోపే ఆంటీ బయట నిలబడి చున్నీ సర్దుకుంటోంది, నా బూట్లు చేత్తో పట్టుకుని మరీ.

తాత పెద్దమనిషి. నన్ను పక్కకి తీసుకెళ్ళి, "మాట మాటే. సీటు నీది. నువ్వు తగ్గితే నువ్వే తోలతావు. ఇంకెవరైనా తోలాలంటే నువ్వు చెప్పాలి," అన్నాడు. ఆంటీ అయితే మాట కూడా ఎత్తనివ్వలేదు. "చాల్లే, వాడి సీటు నాకెందుకు? ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు పాపం," అంది. నేను బూట్లు తొడుక్కుని చక్కా ఇంటికొచ్చేశాను. అవును మరి, నాకు కుళ్ళు! అమలాపురమంతా నన్ను రేసు డ్రైవరంటుంటే, ముద్దపప్పు తెచ్చినావిడ కూర్చుని పోతానంటే ఎలా?

మర్నాడు పొద్దున కంచం ముందు కూర్చుంటే రాగిజావ గ్లాసూ, ఉడకబెట్టిన కూరముక్కలూ ఉన్నాయి. నెయ్యి గిన్నె బల్ల మీదే లేదు. "తాగు. తగ్గాలిగా నువ్వు," అంది ఆంటీ, మొహం అటు తిప్పుకుని. ఆవిడింట్లో నెయ్యి లేని భోజనం పెట్టడమంటే మాటలా! నా సీటు నాకు దక్కించడానికి తన నియమాన్నే వదులుకుంది. జావ సగంలోనే వదిలేసి లేచాను.

ఆ రోజు యూనికి ఆవిడ బస్సులోనే పారమట్టా దాకా వెళ్ళాను. ముందు సీట్లో కూర్చుని, మొదటిసారి ఆవిడ కాలినే చూశాను. రోడ్డు ఖాళీగా, తిన్నగా కనబడుతుంది. కాలు మెల్లిగా దిగుతుంది, బస్సు హుషారందుకుంటుంది, వెనక ఎవరో టింగుమంటారు. కాలు లేస్తుంది. ఎవరినీ విసుక్కోదు, "హావ్ ఎ గుడ్ డే, లవ్" అని నవ్వుతుంది, మళ్ళీ మొదలు. చివరి స్టాపు వచ్చేసరికి నాకు టింగుల లెక్కే తప్పింది. అందరూ దిగాక వెళ్ళి, "ఆంటీ, గొట్టం మీరే తోలండి," అన్నాను. ఆవిడ అద్దంలోకి చూస్తూ, "దిగు దిగు, టైమైంది," అంది. నేను దిగాక బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఆవిడ చేతిలో బస్సు అలా కుదపడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ తరవాత షెడ్డంతా ఆంటీదే. ప్యారాచూట్‌ని చీర కుచ్చిళ్ళు పోసినట్టు మడతపెట్టబోతే తాత గుండె పట్టుకుని, "నో, నో!" అంటూ దగ్గర కూర్చుని సరైన మడత నేర్పాడు. మీరేమంటారని ఆంటీ భర్త అంకుల్‌ని అడిగితే, "బస్సు లైసెన్సప్పుడు మాత్రం నన్నడిగిందా?" అని పేపరు తిరగేశాడు. ఊరికి నేనే ఫోన్ చేసి, లావయ్యానమ్మా, డ్రైవర్ని మార్చారు అని చెప్పాను. "పోన్లేరా, అన్నం మాత్రం మానకు," అంది మా అమ్మ. పోతుందని నేను ఇన్నాళ్ళూ భయపడిన పరువు అంతటితో సరి.

ఈసారి సరస్సు ఎండి తెల్లగా, కళ్ళు చెదిరేలా ఉంది. వంటపని నాది, అక్కడున్న పిచ్చివాళ్ళందరికీ పులిహోర పెట్టాను. కొత్త డ్రైవరు కాబట్టి ముందు నిదానంగా, తరవాత ఇంకాస్త, అలా మెట్టుమెట్టుగా ఆంటీచేత తోలించి, చివరి రోజు తాత వంగి ఆవిడ హెల్మెట్టు మీద తట్టి, "గో, లవ్" అన్నాడు. గొట్టం కదిలింది. చూస్తుండగానే చుక్కంత అయింది, ఆ చుక్కా పోయి చప్పుడు మిగిలింది, అదీ పోయింది. తాత ఏడుస్తున్నాడు, నేనూ ఏడుస్తున్నాను, చేతిలో పులిహోర గరిటె.

బండి వెనకాలే పోయి చేరుకునేసరికి ఆంటీ ఉప్పు మీద నిలబడి ఉంది, హెల్మెట్టు చంకలో, జుట్టంతా రేగి. రికార్డేమీ కాదు, తాత అప్పుడే వేళ్ళు లెక్కపెట్టుకుని చెప్పేశాడు. ఆవిడకి అది పట్టలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్, దారి పొడుగునా ఒక్కడు కూడా బెల్లు కొట్టలేదురా!" అంది.

చాలా ఏళ్ళయింది. తాత లేడు, ఆంటీ రిటైరైంది, గొట్టంలో ఇప్పుడు నా కాలొక్కటీ పట్టినా గొప్పే. ఆఫీసుకి పారమట్టా బస్సులోనే వెళతాను. నా స్టాపు దగ్గర పడుతుంటే బెల్లు మీదికి చెయ్యి పోతుంది. ముందు రోడ్డు ఖాళీగా కనబడి, డ్రైవరు కాలు మెల్లిగా దిగుతుంటే మాత్రం నాకు చేతులు రావు. ఇంకాస్త పోనిద్దాం పాపం, అనుకుంటాను. స్టాపు దాటిపోతుంది. దిగి వెనక్కి నడుచుకుంటూ వస్తాను, నాలో నేనే నవ్వుకుంటూ. ఈ పొట్టకి ఆ నడకైనా మంచిదేలెండి.