నేపాల్‌లో లేని నిబంధన

కొన్నేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. నేను పలికిన వాక్యమే. చిన్నది. దాని వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. అయినా బరువు తగ్గలేదు. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీకు చెప్పడం నాకు కొంత సులువు.

నేను భూపాలపల్లి విద్యుత్ కేంద్రంలో కొలత పరికరాల ఇంజనీరును. పీడనం, ఉష్ణోగ్రత చూపే అంకె నిజమా కాదా అని తేల్చడం నా వృత్తి. ‘సార్ చెప్పిండంటే రూలే’ అనేది మా విభాగంలో ఒక ఎగతాళి. అందులో గౌరవమూ ఉంది. నేను వాడుకున్నది ఆ గౌరవాన్నే.

మోటారు సైకిలు మీద నేపాల్ వెళ్లాలన్నది నా చిరకాల కోరిక. కాళేశ్వరం వంతెన దాటి, చంద్రపూర్, నాగపూర్ మీదుగా ఉత్తరానికి. సునౌలీ దగ్గర సరిహద్దు. అక్కడి నిబంధనలు నెలల తరబడి చదివాను. బండి రిజిస్ట్రేషన్ కాగితం అసలుదే ఉండాలి, నకలు చెల్లదు. బండి మన పేరు మీద లేకపోతే యజమాని రాసిచ్చిన అనుమతి కావాలి. గుర్తింపుకు పాస్‌పోర్టు, లేదా ఓటరు కార్డు. సరిహద్దులో సుంకం కట్టి చీటీ తీసుకోవాలి. దానిని భన్సార్ అంటారు. చీటీలో రాసిన గడువు లోపల బండి తిరిగి దేశం దాటాలి. ఖాట్మండులో ఊరికే హారన్ కొట్టకూడదు. ఇవన్నీ నిజమైన నిబంధనలు. వీటి పక్కన నేను ఒకటి చేర్చాను.

నా భార్య నర్సు. పుట్టిల్లు కేసముద్రం. వాళ్ల నాన్న మార్కెట్ యార్డులో కాంటా పెట్టేవాడు. లారీలు, ట్రాక్టర్ల మధ్య పెరిగిన మనిషి ఆమె. బండి ఎక్కితే చాలు, ముఖం వెలిగిపోతుంది. నేపాల్ మాట వచ్చిన రోజు నుంచి తానూ వస్తానని అంటూనే ఉంది. నేను ఔననలేదు. కాదనీ అనలేదు.

కాదనడానికి మొదట లెక్క వేశాను. ఇద్దరి బరువు, సామాను, పెట్రోలు డబ్బా, విడి ట్యూబు, పనిముట్లు అన్నీ కలిపి చూశాను. బండి మోయగల గరిష్ఠ బరువును తయారీదారు ఇచ్చిన పుస్తకంలో చూశాను. పరిమితి దాటుతుందని ఆశించాను. దాటలేదు. ఇంకా చాలా జాగా మిగిలింది. మళ్లీ వేశాను. అదే జవాబు వచ్చింది. లెక్క నా పక్షాన నిలబడలేదు. నా జీవితంలో ఒక సరైన జవాబు చూసి నిరాశ పడింది ఆ ఒక్కసారే.

ఆ ఆదివారం వసారాలో దుప్పటి పరిచి సామాను సర్దుతున్నాను. క్లచ్ వైరు, హెడ్‌లైట్ బల్బు, పంక్చరు సామాను, రాత్రి మెరిసే పసుపు జాకెట్టు. పుట్టింటి నుంచి తిరిగి వచ్చిన ఆమె, తలకు కొత్త హెల్మెట్ పెట్టుకునే గేటు తీసింది. మానుకోటలో కొన్నదట. నా ఎదుట నిలబడి తలను కుడికీ ఎడమకూ ఊపింది.

“ఇగో, జర జూసి చెప్పు. తల తిరుగుతున్నదా, ఉత్త హెల్మెట్టే తిరుగుతున్నదా?”

సరైన కొలత హెల్మెట్ తలతోపాటే కదలాలని ఆమెకు నేర్పింది నేనే. అది చక్కగా సరిపోయింది.

“ఇదెందుకు కొన్నవ్?”

“ఎందుకేంది? నేపాల్ పోలీసోళ్లు నీ మొకం జూసి నన్ను ఇడిసిపెడ్తరా?”

“అక్కడ ఎనుక ఎవర్నీ కూసోనియ్యరు.”

ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చాక మాత్రం ఆపలేదు.

“ఎవలు చెప్పిన్రు?”

“రూలే అది. పరదేశం బండ్లకు. చీటీ ఒక్కరి పేరు మీదనే ఇస్తరు. రెండో మనిషి ఎక్కితే బండి గుంజుకుంటరు.”

“గదేం రూలు! గిక్కడ ఒక్క బండి మీద నలుగురు పోతున్నరు, గక్కడ మొగుడు పెండ్లాం పోవద్దా?”

“ఇరవై మూడో నిబంధన,” అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. “నంబరుతోని చెప్తున్నవంటే నిజమే అయితది తియ్యి,” అని హెల్మెట్ తీసింది. చెదిరిన జుట్టు సవరించుకుని, నా పక్కనే కూర్చుని మందుల పెట్టె సర్దడం మొదలుపెట్టింది. గాజుగుడ్డ, పట్టీలు, జ్వరం మాత్రలు, ఎత్తుల్లో తల తిరిగితే వేసుకునేవి. ఒక్కొక్క దాని మీద ఎప్పుడు వేసుకోవాలో రాసి అంటించింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నకు చాలా జవాబులు తయారు చేసుకున్నాను. దూరం ఎక్కువ, ఆమెకు నడుం నొప్పి, కొండ దారి. అన్నీ మర్యాదస్తుల జవాబులు. అసలు కారణం చిన్నది, అందుకే చెప్పడానికి ఎక్కువ సిగ్గు. ఆమెతో ఎక్కడికి వెళ్లినా మనుషులు ఆమెతోనే మాట్లాడతారు. కాళేశ్వరం దారిలో ఏ చాయ్ కొట్టు దగ్గర ఆగినా ఆమె అక్క అవుతుంది, బిడ్డ అవుతుంది. వాళ్ల కోడలి కాన్పు సంగతి దాకా మాట సాగుతుంది. నేను బండి పక్కన నిలబడి గొలుసు బిగువు చూసుకుంటాను. ఒక్క ప్రయాణమైనా పూర్తిగా నాదిగా ఉండాలనుకున్నాను. అలా అని చెప్పి ఉంటే ఆమె నాలుగు మాటలు అని, చివరికి పంపించేదే. అడగడం నాకు చేతకాలేదు. నిబంధన పెట్టడం చేతనైంది.

సునౌలీలో భన్సార్ వరుసలో నా ముందు మన దేశపు నంబరు పలకతోనే ఒక బండి ఉంది. వెనుక చీర కట్టుకున్న ఒక స్త్రీ, తలకు హెల్మెట్, ఒడిలో స్టీలు డబ్బా. కాపలా మనిషి కాగితాలు చూసి చెయ్యి ఊపాడు. వాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు నాకు పశ్చాత్తాపం కలిగిందని రాస్తే అది రెండో అబద్ధం. నా భార్య అది చూడలేదు కదా అన్న ఊరట కలిగింది. ప్రయాణం గొప్పగా సాగింది. మంచు కొండల ఎదుట ఒక్కణ్ణే ఇంజను ఆపి నిలబడ్డాను. సంతోషంగా ఉన్నాను. ఇప్పుడు తలచుకున్నా ఆ సంతోషం పాడవదు. ఇది కూడా నేరంలో భాగమేనా?

ఇక్కడితో ఆగితే ఇది మా ఇద్దరి మధ్య సంగతి. ఆగలేదు. జనగామలో మా పిన్ని కొడుకు నరేష్ ఉంటాడు. రెండేళ్ల తరువాత అతడూ అతని భార్య మమతా నేపాల్ వెళదామనుకుని, నిబంధనలు తెలుసుకోవడానికి మా ఇంటికి భోజనానికి వచ్చారు. మమత తన కొలతకు చేతి తొడుగులు, మోకాలి కవచాలు అప్పటికే కొనుక్కుంది. నేను నోరు తెరిచేలోగా నా భార్య జాలిగా ఆ నిబంధన చెప్పింది, నంబరుతో సహా. మమత నా వైపు చూసింది. అలాంటిదేమీ లేదని ఒక్క మాట అంటే చాలు. నేను పప్పు వడ్డించుకున్నాను.

నరేష్ ఒంటరిగా వెళ్లి వచ్చాడు. అతడూ అదే సరిహద్దు దాటాడు. జంటలను చూసే ఉంటాడు. కాని నన్ను అడగలేదు. ఎప్పుడు కలిసినా టైర్లలో గాలి గురించే మాట్లాడుకుంటాం. అబద్ధం నాదే అయినా, దానికి ఇంకొక వాటాదారు దొరికాడు.

ఈ మధ్య నా భార్య తోటి నర్సులతో కలిసి ముక్తినాథ్ యాత్రకు బస్సులో పేరు రాయించుకుంది. “బండి మీదైతే ఎట్లాగు పోనియ్యరు గద,” అంది, నిష్ఠూరం ఏమీ లేకుండా. ఆ నిష్ఠూరం లేకపోవడం నన్ను పట్టుకుంది. మరునాడు పొద్దున ఆమె డ్యూటీకి బయలుదేరే ముందు చెప్పేశాను. అలాంటి నిబంధన ఏదీ లేదని, నేనే కల్పించానని, కారణంతో సహా.

మొదట నవ్వింది. నా ముఖం చూసి ఆగింది. భుజాన వేసుకున్న సంచి దించి అంది: “నేను దవాఖాన్ల అందరికి చెప్పిన.”

ఈసారి బండి మీద కలిసి వెళదామన్నాను.

“వద్దు. బస్సులనే పోత. మావోళ్లతోని ముచ్చట పెట్టుకుంట పోత.” చెప్పులు వేసుకుంటూ మళ్లీ అంది: “మమతకు నేన్ చెప్ప. నువ్వే పోయి చెప్పాలె.”

ఆదివారం జనగామ వెళ్లాను. ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కూర్చోకుండానే చెప్పాను, ఎక్కడ ఆగిపోతానో అన్న భయంతో. మమత నరేష్ వైపు తిరిగింది.

“మా బావ అబద్ధమాడిండు, సరే. గక్కడ మొగుడు పెండ్లాలు ఒక్క బండి మీద పోంగ నువ్వు గూడ జూసినవా?”

నరేష్ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ముగ్గురం చాయ్ తాగాం. గేటు దాకా వచ్చి నరేష్, “జర ముందుగాల నాకు చెప్తే అయిపోవు గదన్నా,” అన్నాడు. నిజమే. అది ఇంకొక తప్పు.

మా ఇంట్లో రోజులు మామూలుగానే నడుస్తున్నాయి. కూర రుచిగానే ఉంటోంది. ఆమె యాత్రకు సామాను సర్దుకుంటోంది. నన్ను ఏమీ అడగడం లేదు, ఓటరు కార్డు తానే వెతుక్కుంది. క్షమించిందో లేదో తెలియదు. నేను అడగలేదు. అడిగి, దానికీ ఒక జవాబు రాబట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

నిన్న మా విభాగంలో కొత్తగా చేరిన ఒకతను నేపాల్‌కు ఏమేం కావాలని అడిగాడు. కాగితాలు, హెల్మెట్లు, పనిముట్లు అన్నీ చెప్పాను. “ఎనుక కూసోనియ్యరంట గద సార్?” అన్నాడు. దవాఖానలో విన్నాడట.

“కూసోనిస్తరు. గా రూలు నేను పుట్టించిన,” అన్నాను.

అతడు అది వేళాకోళమనుకుని నవ్వాడు. నేను నవ్వకుండా రెండోసారి చెప్పాను.