వాన పడని ఊరే లేదన్న కంప్యూటర్

ఈ రోజు మా ఆఫీసు కంప్యూటర్ నన్ను పిచ్చివాణ్ణి చేసింది. చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో కూర్చుని, ఈ నెల వాన సున్నా ఉన్న ఊళ్లన్నీ చూపించమని ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటర్ భాషలో అడిగాను. కరువు సాయం జాబితా సాయంత్రం బస్సుకు రాజధానికి పోవాలి. తెర మీద ఒక్క ఊరూ రాలేదు. కిటికీ బయట చూస్తే దుమ్ము రేగుతోంది! మూడుసార్లు అడిగినా అదే జవాబు.

రిజిస్టర్ తెప్పించి చూస్తే వాన గడులన్నీ ఖాళీ. కంప్యూటర్‌కు ఖాళీ వేరు, సున్నా వేరు. కుందుర్పి వైపు ఊళ్లలో వాన కొలిచే రామప్ప అక్కడే ఉన్నాడు.

"ఏమన్నా, సున్నా ఎందుకు రాయలేదు?"

"వానకు సున్నా రాస్తే అచ్చిరాదు సార్. మా నాయన కాలం నుంచీ పడకపోతే ఖాళీగానే ఇడిసిపెడతాం."

సరే, ఖాళీ గడులున్న ఊళ్లు అడిగాను. తెర నిండిపోయింది. హమ్మయ్య అనుకుని, ఊరికే ఇంకో మాట అడిగాను.

"నువ్వు కొలవడానికి పోకపోతే ఏం రాస్తావన్నా?"

"అప్పుడూ ఖాళీనే సార్. మబ్బే లేనప్పుడు ఆడికి పోయి చూసేదేముండాది?"

బస్సు వెళ్లిపోయింది. జాబితా ఇంకా నా చేతిలోనే ఉంది. ఏ ఖాళీలో వాన రాలేదో, ఏ ఖాళీలో రామప్ప పోలేదో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.